గుహలో గోడ గడియారం

నేను మత్స్యశాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాణ్ణి. చేపలు అర్జీలు పెట్టవు కాబట్టి అక్కడ నా ఉద్యోగం హాయిగా గడిచింది. ఆ హాయి ఎవరి కంట పడిందో గానీ, నన్ను తీసుకొచ్చి విశాఖపట్నంలో రాష్ట్ర డిజిటల్ క్రీడా వినోదాభివృద్ధి సంస్థలో అర్జీల అధికారిగా కూర్చోబెట్టారు. పేరు మొత్తం పలికేసరికి ఆయాసం వస్తుంది గనక అందరూ సంస్థ అనే అంటారు.

సంస్థ అప్పట్లో ఒక వీడియో గేమ్ తయారు చేయిస్తోంది. పేరు "దీపశిల". ఆడేవాళ్లు వీరుడి వేషం కట్టి, కత్తి పట్టుకుని, మాయా అడవి దాటి గుహలోకి వెళ్లాలి. గుహలో గండశిలుడనే రాక్షసుడు దీపం పెట్టుకుని కూర్చుంటాడు. వాడితో యుద్ధం చేసి గుహ దాటితే లోయ వస్తుంది. లోయ మీద వంతెన ఉంటుంది. అది సగం దాకానే ఉంటుంది, ఎందుకంటే ఆట కూడా అప్పటికి అంతదాకానే తయారైంది.

మిగతా సగం లంకా ప్రణవి బుర్రలో ఉంది. ప్రణవి తెనాలి పిల్ల. కథ రాసిందీ, ఆట తయారుచేసే బృందాన్ని నడిపిస్తున్నదీ ఆమే. కాంట్రాక్టు ఉద్యోగి కాబట్టి ఆఫీసులో నిజంగా పని చేసేది కూడా ఆమే. "వంతెన అవతల ఏముందమ్మా?" అని ఒకసారి అడిగాను. "అది చూపించాలి సార్. చెబితే పోతుంది" అంది. ఆ అవతలి ఒడ్డు కోసమే ఈ ఆటంతా మొదలుపెట్టానని కూడా అంది.

తయారవుతున్న ఆటను జనానికిచ్చి, వాళ్లేమంటారో విని, బాగుచేసుకుంటూ పూర్తిచేయడం ఈ రంగంలో ఆనవాయితీ అట. అలాగే చేద్దామని ప్రణవి అడిగింది. మా మేనేజింగ్ డైరెక్టరు వాచస్పతిగారు ఒప్పుకోవడమే కాకుండా సంతోషించారు కూడా. ఆయన సంతోషించినప్పుడల్లా ఒక నియమావళి పుడుతుంది.

"ప్రజల నుండి అందిన ప్రతి అభిప్రాయమూ అర్జీయే" అని ఆయన మీటింగులో ప్రకటించారు. "ప్రతి అర్జీయూ పరిష్కరింపబడవలసినదే. పెండింగు సున్నా అగునంతవరకు ప్రారంభోత్సవము లేదు, కొత్త పని ముట్టరాదు, మరమ్మతులు మాత్రమే చేయవలెను. ముందు వచ్చిన అర్జీని ముందు పరిష్కరించవలెను."

అందరూ బల్లలు చరిచారు. ప్రణవి ఒక్కతే చెయ్యెత్తింది. "సార్, వంతెన పూర్తిచేయడం కొత్త పనా, మరమ్మతా?"

"లేనిదానిని చేయుట కొత్త పని. ఉన్నదానిని చెడకుండా చూచుట మరమ్మతు" అన్నారు వాచస్పతిగారు. అంటే అర్జీలన్నీ తీరితే గానీ వంతెన కదలదు. "ఎంతసేపు సార్, ఓ వారంలో తీర్చేద్దాం" అంది ప్రణవి. పాపం, ప్రభుత్వోద్యోగం చేసిన పిల్ల కాదు.

మొట్టమొదటి అర్జీ గజపతినగరం నుంచి వచ్చింది. పెట్టినావిడ పేరు పతివాడ పైడితల్లి, అక్కడ బ్యూటీ పార్లర్ నడుపుతోంది. "ఓ కస్టమర్ జుట్టుకి రంగు వేసి, ఆరేలోపల ఆడదామని ఫోన్ తీశాను. రాక్షసుడు దెబ్బ తిని కూలబడి, 'పొద్దు పొడిచిందా?' అని అడుగుతుంటే ఏడుపొచ్చేసింది. కస్టమర్ సంగతి మర్చిపోయాను. ఆమె జుట్టు నారింజ రంగుకి తిరిగింది. ఆట చాలా బాగుంది. ఏమీ మార్చకండి" అని రాసింది.

ప్రణవి అది చదివి సీట్లోంచి లేచి నిలబడింది. కళ్లు మెరుస్తున్నాయి. "సార్, ఇది ఫిర్యాదు కాదు, మెచ్చుకోలు!"

"మెచ్చుకోలుని ఏ విభాగానికి పంపాలమ్మా?" అన్నాను. నా దగ్గర గ్రాఫిక్స్ విభాగం ఉంది, ధ్వని విభాగం ఉంది, న్యాయ విభాగం ఉంది. బాగుంది అన్నవాళ్లని చూసుకునే విభాగం ఏ ప్రభుత్వంలోనూ లేదు. కాబట్టి అది పెండింగులో పడింది.

తర్వాత రెండు అర్జీలు జంటగా వచ్చాయి. రాక్షసుడు మరీ గట్టిగా కొడుతున్నాడని ఒకాయన. రాక్షసుడు మరీ మెతకగా ఉన్నాడని ఇంకొకాయన. ఇలాంటివి వస్తూనే ఉంటాయి సార్, కొన్ని వదిలేయాలి అని ప్రణవి నచ్చజెప్పబోయింది. వాచస్పతిగారు నొచ్చుకున్నారు.

"ప్రజలలో ఎవరిని వదిలివేయమందువు? ఇరువురును అర్జీదారులే. రాక్షసుడు పూర్వాహ్నము కఠినముగాను, అపరాహ్నము సౌమ్యముగాను వ్యవహరించుగాక!"

అలా గండశిలుడికి షిఫ్టులు పడ్డాయి. షిఫ్టులంటూ ఉన్నాక మధ్యలో భోజన విరామం ఇవ్వక తప్పదని సిబ్బంది వ్యవహారాల విభాగం రాసింది. ఇచ్చాం. మర్నాడే అర్జీ: "గుహకి వెళ్తే రాక్షసుడు సీట్లో లేడు." ఏ ఆఫీసుకి వెళ్లినా జనానికి ఇదే అనుభవం కాబట్టి వాస్తవికంగానే ఉందని నేను రాశాను గానీ వాచస్పతిగారు ఒప్పుకోలేదు. ఖాళీ సీటుకి ఇన్‌చార్జిని వేయాలి. గుహకి దగ్గర్లో ఉన్న ప్రాణి కుందేలు ఒక్కటే. అదనపు బాధ్యతలు దానికి అప్పగించాం.

ఆ తర్వాత మధ్యాహ్నం పూట ఆడినవాళ్లందరూ కష్టపడి అడవి దాటి, కత్తి దూసి గుహలోకి దూకితే, ఎదురుగా కుందేలు. దాన్ని కొట్టలేరు, కొట్టకుండా ముందుకు పోలేరు. జంతుప్రేమికులొకరు అర్జీ పెట్టారు. దాంతో కుందేలు మీద కత్తి ఎత్తరాదనీ, వీరుడు దానికి వినతిపత్రం సమర్పించి పక్కన నిలబడాలనీ సవరణ వచ్చింది. కుందేలు వినతిపత్రం తీసుకుని నమిలేస్తుంది. అది ప్రణవి చేర్చింది, కోపంలో. వాచస్పతిగారికి మాత్రం అందులో తప్పేమీ కనిపించలేదు.

రిటైరైన తహశీల్దారొకాయన, వీరుడి కత్తికి లైసెన్సు ఏదని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అడవి మొదట్లో ఒక ఆఫీసు కట్టి, అక్కడ లైసెన్సు తీసుకున్నాకే అడవిలోకి పోనిచ్చాం. క్యూ పెద్దదిగా ఉందని అర్జీలు వచ్చాయి, ఇంకో కౌంటరు తెరిచాం. కూర్చోడానికి కుర్చీలు, తాగడానికి నీళ్లు, పైన ఫ్యాను. ఆ ఫ్యాను తిరగడం లేదని అర్జీ. ఎలక్ట్రీషియన్ని పెట్టాం. అతను రేపు వస్తానంటాడు.

"సార్, జనం రాక్షసుణ్ణి చూడ్డానికొస్తే మనం వాళ్లకి ఫ్యాను చూపిస్తున్నాం" అని ప్రణవి మొత్తుకుంది.

"అమ్మాయీ, ప్రజలకు మౌలిక సదుపాయములు కల్పించితిమి. రాక్షసుడు ఎక్కడికిని పోడు" అన్నారు వాచస్పతిగారు చల్లగా.

ఆయన అన్నట్టే రాక్షసుడు ఎక్కడికీ పోలేదు. అర్జీలే అతని దగ్గరికి వెళ్లాయి. "ఓడిపోయిన ప్రతిసారీ పొద్దు పొడిచిందా, పొద్దు పొడిచిందా అని అదే ప్రశ్న. విసుగొస్తోంది" అని ఎవరో రాశారు.

మీటింగులో వాచస్పతిగారు కళ్లు మూసుకుని ఆలోచించారు. ఆయన కళ్లు మూసుకుంటే నాకు భయం. "మూలకారణమును పరిశీలించండి. గుహలో సూర్యరశ్మి లేదు. సమయము తెలియకపోవుట వలన ఆ ప్రశ్న ఉత్పన్నమగుచున్నది. గుహలో గోడ గడియారము అమర్చినచో ప్రశ్న దానంతటదే నివారింపబడును."

ప్రణవి మొహం పాలిపోయింది. "సార్, వాడు టైము అడగట్లేదు. ఆ ఒక్క ప్రశ్న కోసమే మిగతా కథంతా రాశాను. అది తీసేస్తే ఇంకేం మిగలదు."

"బాధపడకు. గడియారము మంచిది పెట్టించెదము" అని ఆయన ఓదార్చారు. ఆయన మనసు మంచిదే, ఆ విషయం చెప్పకపోతే పాపం తగులుతుంది.

గడియారం పెట్టారు. ఇక మిగిలింది లోయ. సగం వంతెన మీంచి పడిపోతున్నామని చాలామంది రాశారు. ప్రణవికి ఆశ పుట్టింది. ఇంతమంది అడిగాక వంతెన పూర్తిచేయనివ్వక ఏంచేస్తారని నాతో అంది కూడా. కానీ నియమావళి అలాగే ఉంది. వంతెన పూర్తిచేయడం కొత్త పని, నిషిద్ధం. లోయ పూడ్చడం మరమ్మతు, అనుమతించదగినది. మట్టి పోసి చదును చేయించాం. అవతల ఏమీ లేదని అర్జీ వచ్చింది, నిజంగానే అవతలి ఒడ్డు ఇంకా తయారు కాలేదు. అటు చూడకుండా ప్రహరీ గోడ కట్టించాం. ఆ రోజు ప్రణవి క్యారేజీ విప్పలేదు.

గడియారం అమర్చినట్టు ధ్రువీకరించాల్సింది నేను. ఆఫీసులో ఇంతమందిమి ఆట గురించి ఇన్ని నిర్ణయాలు తీసుకున్నాం గానీ, నేను ఆడటం మాత్రం అదే మొదటిసారి. లైసెన్సు తీసుకుని, ఫ్యాను చూసి, అడవి దాటి గుహలోకి వెళ్లాను. సౌమ్యం షిఫ్టు నడుస్తోంది, కత్తి తగలకముందే గండశిలుడు కూలబడ్డాడు. వాడి ఒళ్లో చిన్న దీపం ఉంది. దాన్ని అరచేత్తో గాలి తగలకుండా కాస్తున్నాడు. నా వంక చూసి ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. అంతలో తల పైకెత్తి గడియారం చూశాడు. నోరు మూసుకున్నాడు.

నేను "అమర్చబడినది" అని రాసేశాను. రాశాక లేచి రాబుద్ధి కాలేదు. వాడు ఎవరి కోసం ఆ దీపం కాస్తున్నాడో నాకు తెలియదు, అయినా వాణ్ణి ఆ ఒక్క మాట అడగనివ్వకుండా చేసినందుకు నాకు చాలా బాధేసింది.

ఈలోగా ప్రారంభోత్సవానికి మంత్రిగారు తేదీ ఇచ్చేశారు. అర్జీలన్నీ తీరాయి, ఒక్కటి తప్ప. "ఎవరా పైడితల్లి? ఆమెచే అర్జీ ఉపసంహరింపజేయుడు" అని వాచస్పతిగారు నన్ను పురమాయించారు. ఫోన్ చేశాను.

"హలో, పార్లరండి. ఐబ్రోసా, ఫేసియలా?"

"అమ్మా, నేను దీపశిల ఆట చేసే ఆఫీసు నుంచి. మీ అర్జీ గురించి..."

"నానేటీ అర్జీ ఎట్టనేదు బాబూ."

"ఏమీ మార్చకండి అని రాశారు కదమ్మా."

"అవును రాసినాను. ఏటి, మార్సీసినారేటి?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. గడియారం సంగతి చెప్పాను.

"గడియారవా? మరాడు పొద్దు పొడిసిందా అని ఇంకేటి అడుగుతాడు?"

"అడగడం లేదమ్మా. మీరు అర్జీ వెనక్కి తీసుకుంటే ఆట ప్రారంభమవుతుంది."

"తియ్యను. మార్సొద్దని సెప్పినాను, మార్సొద్దంతే. ఓ మనిసి బాగుందని సెప్తే ఇనిపించుకోరేటి బాబూ మీరు?" అని పెట్టేసింది.

ఫోన్ పెట్టాక నేను నియమావళి తీసి చదివాను. దాన్ని రాసినవాళ్లు కూడా మళ్లీ చదివినట్టు లేరు. మర్నాడు మీటింగులో లేచి నిలబడి, నాకు చేతనైనంత గంభీరంగా మాట్లాడాను. "సార్, ముందు వచ్చిన అర్జీని ముందు పరిష్కరించవలెనని తమరే సెలవిచ్చారు. అన్నిటికన్నా ముందు వచ్చిన అర్జీ ఏమీ మార్చవద్దంటోంది. అది పెండింగులో ఉండగా మనం చేసిన మార్పులన్నీ నియమ విరుద్ధం. రేపు ఆడిట్‌వాళ్లు అడిగితే..."

ఆడిట్ అన్న మాటకి వాచస్పతిగారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. న్యాయ విభాగం వైపు చూశారు. న్యాయ విభాగం టేబుల్ వైపు చూసింది. "ఆమె అర్జీ నాటి స్థితిని యథాతథముగా పునరుద్ధరించుడు!" అన్నారు.

ఇంత త్వరగా పని జరగడం నా సర్వీసులో చూడలేదు. లోయలో మట్టి తీశారు. గోడ పడగొట్టారు. లైసెన్సు ఆఫీసు మాయమైంది, ఆ ఎలక్ట్రీషియన్ రాకుండానే పోయాడు. కుందేలుని అదనపు బాధ్యతల నుంచి తప్పించారు. గడియారం దగ్గర మాత్రం చిక్కొచ్చింది. తొలగించిన వస్తువు స్టోరులో జమ చేయాలి. ఆటలోని గడియారాన్ని చేత్తో పట్టుకురాలేం అంటే స్టోరు గుమాస్తా వినలేదు. బజారుకెళ్లి నిజం గడియారం ఒకటి కొని జమ చేశాం. దాన్ని తర్వాత వాచస్పతిగారి గదిలో తగిలించారు.

ఆ సాయంత్రం ప్రణవి నా బల్ల దగ్గరికి వచ్చింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "సార్, ఇప్పుడే చూసొచ్చాను. మళ్లీ అడుగుతున్నాడు. పొద్దు పొడిచిందా అని అడుగుతున్నాడు సార్! ఇక పెండింగు కూడా సున్నా. రేపట్నుంచి వంతెన మొదలుపెట్టేస్తాను."

నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వం మర్నాడు పొద్దున ఉత్తర్వు వచ్చేదాకా ఉంది.

"అర్జీదారు శ్రీమతి పైడితల్లిగారి కోరికను సంస్థ శిరసావహించినది. ఇకపై ఈ ఆటలో ఏమీ మార్చరాదు. వంతెన పూర్తిచేయుటయు మార్పే. వంతెన శాశ్వతముగా సగమే ఉండవలెను." కింద వాచస్పతిగారి సంతకం. అడ్డదారి వెతికింది నేనే కాబట్టి ప్రణవి మొహం చూడలేకపోయాను.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మంత్రిగారు స్వయంగా వీరుడై, అందరూ చూస్తుండగా సగం వంతెన మీంచి లోయలో పడ్డారు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత ఎవరు ఏం రాసినా "మొదటి అర్జీ ప్రకారం మార్పు సాధ్యం కాదు" అని జవాబు పంపి అక్కడికక్కడే ముగించేవాళ్లం. పెండింగు ఎప్పుడూ సున్నాయే. అందుకు వాచస్పతిగారికి శాలువా కప్పారు. మార్చేది ఏమీ లేనప్పుడు మార్చేవాళ్లతో పనేమిటని ప్రణవి బృందం కాంట్రాక్టు రద్దు చేశారు.

ప్రణవి సామాను సర్దుకుంటున్న రోజున పైడితల్లి వచ్చింది. గజపతినగరం నుంచి బస్సెక్కి, చేతిలో స్వీటు డబ్బాతో, మనిషి పొట్టిగా, గొంతు పెద్దగా. తిన్నగా వాచస్పతిగారి గదిలోకే తీసుకెళ్లాను.

"నమస్కారం బాబూ. నా మాట ఇన్నారంట, సాలా సంతోసం. మరి వొంతెన ఎప్పుడవుద్ది? తరవాతేటవుద్దో సూడాలి కదా!"

వాచస్పతిగారు లేచి నిలబడి మరీ చెప్పారు. "అమ్మా, వంతెన కాదు. తమరి కోరిక మేరకే అది శాశ్వతముగా నిలిపివేయబడినది."

"నా కోరికా? మార్సొద్దన్నాను గాని పూర్తి సెయ్యొద్దన్నానేటి?"

"పూర్తిచేయుట కూడ మార్పే తల్లీ. తమరు ఏమీ మార్చవద్దన్నారు. 'ఏమీ' అనగా సంస్థ దృష్టిలో సర్వమూ."

"అయితే ఇప్పుడు సెప్తన్నాను, పూర్తి సెయ్యండి!"

"అది కొత్త అర్జీ. తమరి పాత అర్జీకి విరుద్ధము. కనుక సాధ్యము కాదు" అని ఆయన ఎంతో మర్యాదగా నవ్వారు. వెనక గోడ మీద గడియారం టిక్కు టిక్కుమంటోంది.

పైడితల్లి దాని వంకా, ఆయన వంకా చూసింది. స్వీటు డబ్బా ఆయనకివ్వకుండానే బయటికి వచ్చేసింది. మెట్ల దగ్గర ప్రణవి అట్టపెట్టెతో కనిపించింది. ఆవిడెవరో చెప్పాను. ప్రణవి పెట్టె కింద పెట్టేసి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ముగ్గురం ఆఫీసు వెనక వీధిలో టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం.

"ఆడు ఎవుల కోసం కూకున్నాడు పిల్లా? అదొక్కటి సెప్పు. నాకు నిద్దర పట్టట్లేదు" అంది పైడితల్లి.

ప్రణవి నా వంక చూసింది. చెబితే పోతుంది అన్న మాట ఇద్దరికీ గుర్తుకొచ్చింది. "పోతే పోయింది అక్కా, వినండి" అంది.

"అవతలి ఒడ్డున ఒక అమ్మాయి ఉంది. పొద్దు పొడిచేలోగా వచ్చేస్తాను, దీపం ఆరనివ్వకు అని వాడికి చెప్పి వెళ్లింది. ఆ రాత్రే వంతెన కూలిపోయింది. వాడు ఇటు దీపం పెట్టుకుని కూర్చున్నాడు, ఆమె అటు దీపం పెట్టుకుని కూర్చుంది. ఒకరి దీపం ఒకరికి కనపడదు. ఆ సగం వంతెన ఎవరు కట్టారనుకున్నారు? వాడే. ఒక్కో రాయీ మోసి కట్టాడు, అక్కడితో ఒంట్లో ఓపిక అయిపోయింది. రెండో సగం ఆమె అటునుంచి కడుతూ ఉంటుంది. వీరుడి పని రాక్షసుణ్ణి చంపడం కాదక్కా. ఇవతల దీపం ఇంకా ఆరలేదని ఆమెకి చెప్పడం. చివరికి వంతెన కలుస్తుంది, వాడు ఎదురురాగానే ఆమె అలా చూస్తూ నిలబడిపోతుంది."

పైడితల్లి పైట కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ టీ వేడిగా ఉందన్నట్టు మొహం పక్కకి తిప్పుకున్నాను. కాసేపటికి ఆవిడ ముక్కు ఎగబీల్చి, గొంతు సవరించుకుంది.

"బాగుంది గాని పిల్లా, ఓ మాట. ఆ యమ్మి అన్నేళ్లు కూకుందా, ఆడు ఎదుర్రాగానే అలా సూస్తా నిలబడిపోకూడదు. ముందు తిట్టాల. ఇన్నాళ్లేటి సేసినావురా అని నాలుగు తిట్టి, అప్పుడు ఏడవాల. నానైతే అలాగే సేస్తాను."

ప్రణవి చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. "తిట్టాలా?" అంది. కళ్లలో మళ్లీ ఆ మెరుపు. "అవునక్కా, తిట్టాలి! అదే తక్కువైంది ఇన్నాళ్లూ." బ్యాగులోంచి సొంత లాప్‌టాప్ బయటికి తీసింది. తీసి, మూత తెరవబోయి, గబుక్కున నా వంక చూసింది. పైడితల్లి కూడా చూసింది.

వాళ్ల భయం నాకర్థమైంది. ప్రజల నుంచి ఆట మీద అభిప్రాయం వచ్చింది, అర్జీల అధికారి చెవినే పడింది. నియమం ప్రకారం అది అర్జీ. ఇన్నేళ్ల సర్వీసులో నేను తీసుకోకుండా వదిలేసిన అర్జీ లేదు.

"ఏదో అన్నట్టున్నారు. బస్సు చప్పుడులో నాకు వినపడలేదు" అన్నాను.

ఆ వీధిలోకి బస్సులు రావు.